విప్పిన కుట్టుకు కూలి

బేరంలో నన్ను గెలిచినవాళ్లు బోధన్ చుట్టుపక్కల తక్కువ. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాటే. చెరుకు కొట్టడానికి సరిహద్దు అవతలి నుంచి వచ్చే మరాఠీ కూలీలు, చలి మొదలు కాగానే పాత గుడ్డల మూటలు పట్టుకుని మా ఇంటి ముందుకొచ్చి "గోదడి, గోదడి" అని పిలిచేవాళ్లు. గోదడి అంటే మన బొంతే. వాళ్ల మాట నాకు సగం అర్థమయ్యేది, నా మాట వాళ్లకు పావు కూడా అయ్యేది కాదు. అయినా చెప్పిన కూలికి ఒక్క పైసా తగ్గి నేను ఏ బొంతా కుట్టలేదు. అలాంటిదాన్ని, నిజామాబాద్ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చి "మా దగ్గరికొచ్చి బొంత కుట్టడం చూపించాలి, ఎంత తీసుకుంటావు?" అని మర్యాదగా అడిగితే, రెండు రోజులు ఆలోచించి మరీ పిచ్చి ధర చెప్పాను. ఆ ధర వల్ల మా అత్త ఇల్లు వదిలిపోయేదాకా వచ్చింది.

ముందు బొంత కూలి సంగతి చెప్పాలి. గుడ్డలు వాళ్లవే, దారమూ వాళ్లదే. మనవి సూది, చెయ్యి. నాలుగైదు పాత చీరలు ఉతికి, ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు మడిచి, ఆ అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు వచ్చేదాకా కుట్టాలి. కుట్టు దగ్గర దగ్గరగా పడితే బొంత పదేళ్లు ఉంటుంది. దూరం దూరంగా లాగితే ఏడాదికే పేగులు బయటపెడుతుంది. అందుకని మా వైపు కూలి బొంతను బట్టి కాదు, రోజును బట్టి కాదు, పట్టిన దారాన్ని బట్టి. చుట్టిన దారం ఉండకు ఇంత అని. మా అత్త కాలంలో ఉండకు మానెడు జొన్నలు కొంగులో పోసేవాళ్లట. నా కాలానికి ఉండకు రూపాయి అయింది. "దారం అబద్ధమాడది" అనేది మా అత్త. కుట్టు ఎక్కువ పడితేనే దారం దిగుతుంది. పనిదొంగ కూలి దానంతటదే తగ్గిపోతుంది. ఇంతకంటే న్యాయమైన లెక్క లోకంలో ఇంకొకటి ఉందంటే నేను నమ్మేదాన్ని కాదు.

ఈ పని నాకు నేర్పింది మా అత్తే. పదిహేనేళ్ల పిల్లగా ఆ ఇంట్లో కాలు పెట్టినప్పుడు మిషన్ బడిలో చదివిన ఐదో తరగతి, నోటి దురుసు తప్ప నా దగ్గర ఇంకేమీ లేవు. కుట్టు వంకర పోతే ఆమె చీపురు పుల్లతో నా వేళ్ల మీద కొట్టేది. కొట్టిన వేళ్లకు తనే ఆముదం రాసేది. రెండేళ్లు తిరిగేసరికి అత్త కుట్టు ఏదో, కోడలి కుట్టు ఏదో ఊళ్లోవాళ్లు చెప్పలేకపోయారు. మా అమ్మ నన్ను కని చచ్చిపోయింది. అమ్మ అంటే ఎట్లా ఉంటుందో నాకు తెలిసింది ఆ చీపురు పుల్ల వల్లనే.

అలాంటి మనిషికి కళ్లు పోవడం మొదలైంది. ముందు సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. తర్వాత మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకోవడం మొదలుపెట్టింది. నేను చెప్తున్న ఏడాదికి ఆమెకు వెలుతురు, చీకటి తప్ప ఇంకేమీ తెలిసేవి కావు. సూది పక్కన పెట్టిన రోజు నుంచీ ఒకటే పాట, రెంజల్‌లో ఉన్న తన అక్క దగ్గరికి పోతానని. ఆ అక్కకు భర్త పోయాడు, పిల్లల్లేరు, ఒక చిన్న ఇల్లు ఉంది.

"ఈడ కూసోని తింటున్న. కూసోని తింటే కొండలు గూడ కరుగుతయి. మా అక్క కాడనైతే అడిగెటోళ్లు లేరు" అనేది.

"అవ్వా, నిన్ను ఇంట్ల ఎవరన్న ఏమన్న అన్నరా?" అని మా ఆయన తల్లిని అడిగేవాడు.

"ఎవరన్న అంటే ఎందుకు పోత? కొట్లాడుత. ఎవ్వరేమనకపోవట్టే పోవాలనిపిస్తున్నది" అనేది.

మా ఆయన తువ్వాలు దులుపుకుని బయటికి పోయేవాడు. ఆమె పోతే ఆ ఇంట్లో నాకు సగం ప్రాణం పోయినట్టే. ఆ మాట చెప్పి ఆపుదామంటే, జాలికి ఆగే మనిషి కాదు.

ఆఫీసరమ్మ జీపు మా ఇంటి ముందు ఆగడానికి కారణం మా కంచె మీద ఆరేసిన ఒక బొంత. ఆమెది కోస్తా వైపు మాట, మెత్తగా ఉండేది. ఊళ్లకు పోయి ఆడవాళ్లకు పనులు నేర్పబోయే అమ్మాయిలకు నిజామాబాద్‌లో శిక్షణ ఇచ్చే సెంటర్ ఆమె చేతి కింద ఉంది. బొంతను అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, "మూడు రోజులు వచ్చి మా పిల్లల ముందు కుట్టి చూపించు. నీకు ఎంత ఇవ్వాలో నువ్వే చెప్పు. ఎల్లుండి మా మనిషి వస్తాడు, అతనితో చెప్పి పంపు" అని జీపెక్కింది.

కుట్టి ఇచ్చినదానికి కూలి తెలుసు. కుట్టి చూపించడానికి కూలి ఎంతని ఎవరిని అడగాలి? మా వైపు ఆ పని చేసినవాళ్లే లేరు. అయినా అడిగాను.

మా ఆయన ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోయేవాడు. బండ్ల నుంచి చెరుకు దింపే పని. పని విడిచే భోంగ మోగగానే వచ్చి, కాళ్లు కడుక్కుంటూ విన్నాడు. "సర్కారోళ్లను ధర అడుగుతరానే? ఇచ్చినకాడికి తీసుకోవాలె" అన్నాడు.

"అడగంది అమ్మయినా పెట్టది. సర్కారు నాకు అమ్మ గూడ కాదు" అన్నాను.

చర్చి పక్కనుండే పాస్టరమ్మను అడిగితే, "సేవ అనుకో. బస్సు కిరాయి తీసుకో, చాలు" అంది. మీ ఆయన జీతం కూడా సేవే అనుకుంటున్నాడా అని నోటిదాకా వచ్చింది, మింగాను. ఆదివారం మళ్లీ ఆమె పక్కనే కూర్చోవాలి.

చివరికి మా అత్తను అడిగాను. "సూపిచ్చుడుకు పైసలేంది? సూపిచ్చి పైసలడిగేది గారడోళ్లు, ఎలుగుబంటిని ఆడిచ్చెటోళ్లు. నీకు నేర్పినప్పుడు నేను పైసలడిగిన్నా?" అంది.

"అడగలే. కొట్టినవ్" అన్నాను.

ఆమె చాలా రోజులకు నవ్వింది.

నాకు తెలిసిన న్యాయమైన లెక్క ఒక్కటే కాబట్టి చివరికి ఆ లెక్కనే పట్టుకున్నాను. దారం. ఇంట్లో ఉండకు రూపాయి కదా, ఊరు దాటితే రెండు. ఎందుకంటే ఆ మూడు రోజులు మా పొయ్యి నేను వెలిగించను, మా చిన్నపిల్లను పక్కింట్లో వదిలి పోవాలి, ఒప్పుకున్న బొంత ఒకటి మూలన పడి ఉంటుంది. నేను కుదురుగా కూర్చుంటే రోజుకు రెండు ఉండలు లాగేస్తాను. మూడు రోజులకు ఆరు ఉండలు, పన్నెండు రూపాయలు. మా ఆయన "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఎగతాళి చేశాడు గానీ, పన్నెండు అన్న మాట వినగానే కళ్లు పెద్దవి చేశాడు.

ఇంకో షరతు కూడా పెట్టాను. మా అత్త నాతో వస్తుంది, ఆమె బస్సు కిరాయి, తిండి కూడా వాళ్లవే. కళ్లు లేని మనిషిని ఇంట్లో ఒక్కదాన్నే వదిలి రాలేనని చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం మా ఆయనకు కూడా చెప్పలేదు. బొంతలో మధ్య పొర ముడత పడితే పైకి కనపడదు. ఎంత చూపున్న కంటికైనా దొరకదు, అరచేతికి దొరుకుతుంది. మా అత్త చెయ్యి ఒక్కసారి అట్లా పోనిస్తే చాలు, ముడత ఎక్కడుందో అక్కడ ఆగిపోయేది. నా చేతికి ఆ తెలివి పూర్తిగా రాలేదు. కుట్టిన ప్రతి బొంతనూ ఆమెతో తడిమించి, ఆమె విప్పమన్నచోట విప్పి, మళ్లీ కుట్టి గానీ ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. పేరు మాత్రం నాది. ఆ తడమడం ఒక పని అని ఆమె అనుకోలేదు, నేనూ అనుకోలేదు. దానికి దారం పట్టదు కదా.

ఆఫీసు మనిషికి ధర చెప్పాను. అక్కడికక్కడే ఒప్పుకుని పోయాడు. అవతలివాడు వెంటనే ఒప్పుకున్నాడంటే మన బేరంలో ఎక్కడో బొక్క ఉన్నట్టేనని అంగట్లో ఎన్నిసార్లు చూడలేదు! అయినా మురిసిపోయాను.

సెంటర్ అంటే ఒక పెద్ద హాలు. నున్నగా మెరిసే గచ్చు నేల. ఇరవై మంది అమ్మాయిలు, కొందరు కోస్తా వాళ్లు, మా మాట వింటే నవ్వు ఆపుకునేవాళ్లు. నవ్వుకోండి, సూది పట్టాక చూద్దాం అనుకున్నాను. చీరలు పరిచి, మడత పెట్టి, మొదలుపెట్టాను. నా చెయ్యి పోయే వడి చూసి నవ్వులు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి మూడు చుట్లు వచ్చాను. ముప్పావు ఉండ దిగింది. లోపల్లోపల రూపాయిన్నర అనుకుంటూనే ఉన్నాను.

గోడ పక్కన కూర్చున్న మా అత్త నేల మీద చేతులు ఆనించుకుంటూ వచ్చి బొంత మీద అరచెయ్యి పెట్టింది. అంచు నుంచి లోపలికి పోనిచ్చింది. చెయ్యి ఆగింది.

"విప్పు" అంది, హాలంతా వినపడేటట్టు.

"ఏడికెల్లి?"

"అంతా."

ఇరవై మంది ముందు. నాకు చెవులు కాలిపోయాయి. "అత్తమ్మా, ఇంటికి పోయినంక మాట్లాడుదాం" అన్నాను పళ్లు బిగబట్టి.

"బొంత ఈడ ఉంటే ఇంటికి పోయి ఏం మాట్లాడుతవ్?" అంది.

నేను కూడా చెయ్యి పెట్టి చూశాను. ఆమె చూపినచోట లోపల నిజంగానే ముడత ఉంది, ఒకటి కాదు, చుట్టూరా. ఎందుకో నాకు అర్థం కాలేదు, ఆమెకు అర్థమైంది. బొంత పక్కన నేల మీద చెయ్యి రాసి, "గీ నేల గుడ్డను పట్టుకుంటలేదు. జారుతున్నది" అంది. మా ఇంట్లో పేడతో అలికిన మట్టి నేల. కింది పొరను కదలకుండా పట్టి ఉంచేది. పుట్టి బుద్ధెరిగాక నేను గచ్చు మీద కూర్చుని బొంత కుట్టలేదు. కుట్టేకొద్దీ కింది పొరలు జారి ముడుచుకుపోయాయి. వంటగదిలో ఉన్న ఖాళీ గోనెసంచులు తెప్పించి పరిపించింది మా అత్త. పొద్దున్నుంచి కుట్టిందంతా నేను విప్పాను. అమ్మాయిలు చుట్టూ కూర్చుని విప్పడం చూశారు. కుట్టినప్పటికంటే శ్రద్ధగా చూశారని నాకు మంటెత్తింది.

తర్వాతి రెండు రోజులు సూదులు అమ్మాయిల చేతికి ఇచ్చాను. అయిదుగురికొక బొంత. మా అత్త మోకాళ్ల మీద ఒక బొంత నుంచి ఇంకో బొంతకు పోతూ, అరచెయ్యి ఆడిస్తూ, "విప్పు" అంటూ తిరిగింది. "విప్పవ్వ వస్తోందే" అని పిల్లలు గుసగుసలాడేవాళ్లు. ఆమె వినేది, విననట్టు ఉండేది. పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల చెయ్యి తన చేతి కింద పెట్టి, ముడత మీద నుంచి పోనిచ్చి, "దొరికిందా?" అని అడిగేది. దొరకలేదంటే మళ్లీ. రెండేళ్లుగా ఆమె మొహం అంత కళగా నేను చూడలేదు. అది చూసి నాకు సంతోషమే అయింది. కానీ కుట్టుకు మూడు విప్పులు. విప్పిన దారాన్ని పారెయ్యనిచ్చేది కాదు, సాపు చేసి మళ్లీ ఎక్కించేది. ఉండ కదలదే!

మూడో రోజు సాయంత్రం అన్నీ కలిపి చూస్తే దిగింది ఉండన్నర.

"నీ లెక్క ప్రకారం మూడు రూపాయలు అవుతుంది. సరేనా అమ్మా?" అంది ఆఫీసరమ్మ. ఆమె తప్పేమీ లేదు, సరేనా అని అడిగింది కూడా. ధర చెప్పింది నేను. మాట తప్పితే ఇక నేనేం మనిషిని? మూడు రూపాయలు, రానుపోను బస్సు కిరాయి తీసుకుని బయటికి వచ్చాను.

బస్సు ఊరు దాటాక మా అత్త నా చెయ్యి వెతికి పట్టుకుంది. తర్వాత అంది:

"నీ దారం నేను తిన్న బిడ్డా."

"ఏం మాటలవి?"

"నేను రాకపోతే నువ్వు ఉత్తగ కుట్టుకుంట పోతుంటివి. పన్నెండు వస్తుండె. విప్పు విప్పు అని నీ నోటికాడి కూడు తీసిన. క్రిస్మస్ ఆరాధన కాంగనే రెంజల్ పోత. ఈసారి ఆపకు."

నాకు కోపం వచ్చింది. ముందు ఆఫీసరమ్మ మీద, తర్వాత కుట్టు రాని పిల్లల మీద, తర్వాత ఆ గచ్చు మీద. జానకంపేట దాటేసరికి ఆ కోపం నా మీదికి వచ్చి అక్కడే ఆగింది. ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది? ఆమె ఎంత బాగా నేర్పితే నా కూలి అంత తగ్గింది. నా మనసులో ఆమె మాకు బరువు కాదు. కానీ నా నోటితో నేను చెప్పి వచ్చిన లెక్కలో ఆమె నష్టమే. ఆ లెక్క అట్లాగే ఉంచి "నువ్వు బరువు కాదత్తమ్మా" అని వందసార్లు అన్నా ఆ మనిషి నమ్మదు. నేనైనా నమ్మను.

ఊళ్లో క్రిస్మస్ పాటలు నేర్చుకోవడం మొదలయ్యేసరికి ఆమె తన చీరలు రెండు, దుప్పటి ఒకటి మూట కట్టి గోడ వారన పెట్టింది. తడుముకుంటూ పోయి రోజూ ఆ మూట ముడి ఒకసారి చూసుకునేది. నాకు ఆ ముడి విప్పి పారెయ్యాలనిపించేది.

అప్పుడే ఆఫీసరమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. మేము వచ్చేశాక ఆ అమ్మాయిలు సొంతంగా రెండు బొంతలు కుట్టారట. పైకి ముచ్చటగానే ఉన్నాయట గానీ, ఉతికితే లోపల గడ్డలు కట్టాయట. మేమున్నప్పుడు మొదలుపెట్టిన బొంతల్లో మా ముందు కుట్టినంత మేర మాత్రం ఉతికినా చాప పరిచినట్టు ఉందట. జనవరిలో కొత్త పిల్లలు వస్తారు, అదే రేటుకు మళ్లీ రాగలరా అని అడిగింది.

ఈసారి నేను ఎవ్వరినీ అడగలేదు. మా ఆయనను అడగలేదు, పాస్టరమ్మ ఇంటి వైపే పోలేదు. గడ్డలు అన్న మాట పట్టుకుని ఒక పూటంతా బొంత కుడుతూ ఆలోచించాను. మర్నాడు పొద్దున బస్సుకు ఒక్కదాన్నే నిజామాబాద్ పోయాను.

"దారం లెక్క వద్దు మేడమ్. రోజు లెక్క. రోజుకు ఐదు రూపాయలు. మూడు మా అత్తమ్మకు, రెండు నాకు" అన్నాను, నిలబడే.

ఆఫీసరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఐదు ఇప్పించగలను. కానీ కుట్టి చూపించేది నువ్వు కదా. నీకు నాలుగు, ఆవిడకు ఒకటి అనుకుందాం. ఎలాగూ ఒక ఇంట్లోకి వెళ్లే డబ్బే."

ఆమె చెప్పింది తెలివైన మాట. మా ఆయన ఉంటే అక్కడే తల ఊపేవాడు.

"ఒక్క ఇంట్లకే పోతయి. గని ఏ చేతికెల్లి పోతయన్నది నాకు కావాలె. ఆమెకు మూడు, నాకు రెండు. తిప్పి పెడితే నేను రాను."

"ఎందుకమ్మా అంత పట్టుదల?"

ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. నా కుట్టుకు పేరుంది. ఆ పేరు మీదనే తింటున్నాం. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందంటారు. అయినా చించుకున్నాను.

"నేను తప్పు కుడత మేడమ్. గచ్చు మీదనే గాదు, మా ఇంట్ల గూడ కుడత. ఆమె పట్టుకుంటది, నేను విప్పుత. మా బొంతలకు పేరొచ్చింది గందుకే. మీ పిల్లలు కుట్టినయి గడ్డలెందుకు కట్టినయి? కుట్టుడు వాళ్లకు వచ్చింది, నేను నేర్పిన. విప్పుడు రాలే. అది మూడు దినాలల్ల వచ్చేది గాదు. అది నేర్పెటామె మా అత్తమ్మ ఒక్కతే. దానికే ఎక్కువ కూలి."

ఆఫీసరమ్మ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుంది. ఈమె వద్దంటే ఏం చెయ్యాలో నేను ఆలోచించుకుని రాలేదు.

"సరే. ఆవిడకు మూడు, నీకు రెండు" అంది.

గెలిచానన్న గర్వంతో ఇంటికి పోయాను. అసలు బేరం ఇంట్లో ఉందని నాకేం తెలుసు! మా అత్త అంతా విని, తల అడ్డంగా ఊపింది.

"నన్ను ఉంచుకునెతందుకు కథ చెప్తున్నవ్. కుట్టెటామెకు రెండు, ఉత్తగ తడిమేదానికి మూడా? నా కండ్లు పోయినయ్ గని బుద్ధి పోలే."

"దేవుని తోడు అత్తమ్మా."

"దేవుణ్ణి నడుమ తేకు."

ఉత్తరం చదివి వినిపించాను. ఆఫీసరమ్మ అన్న మాటలన్నీ ఆమె గొంతుతోనే అనుకరించి చెప్పాను. లాభం లేదు. చివరికి ఒక్కటి అడిగాను. జనవరిలో ఆ మూడు రోజులు నాతో రమ్మని, ఆ తర్వాత నేనే రెంజల్ తీసుకుపోయి దింపి వస్తానని.

"నీకు తోడొస్త. పైసల కోసం కాదు" అంది. మూట గోడ వారనే ఉంది.

జనవరిలో పోయాం. హాల్లో ముందే గోనెసంచులు పరిచి ఉన్నాయి. ఈసారి మొదటి రోజే మా అత్తను మధ్యలో కూర్చోబెట్టాను. "ఈమె చెయ్యి ఎట్ల పోతున్నదో సూడుండ్రి. నా చెయ్యి తర్వాత సూడుండ్రి" అని చెప్పాను. కొత్త పిల్లలు ఆమెతో తొందరగా కలిసిపోయారు. ఒక అమ్మాయి కళ్లు మూసుకుని తడిమి, ముడత తనంతట తనే పట్టుకుని కేక పెట్టింది. మా అత్త ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "దీనికి వచ్చింది" అంది. నా బొంత దగ్గరికీ రోజూ వచ్చేది. ఆ మూడు రోజుల్లో నాతో "విప్పు" అన్నది ఒకే ఒక్కసారి.

మూడో రోజు సాయంత్రం ఆఫీసరమ్మ తనే హాల్లోకి వచ్చింది. నా దగ్గరికి రాలేదు. నేరుగా మా అత్త ముందుకు పోయి, వంగి, ఆమె చెయ్యి పట్టుకుని అందులో నోట్లు పెట్టింది.

"మామ్మగారూ, రోజుకు మూడు చొప్పున తొమ్మిది రూపాయలు. ఇవి మీవి. మీ కోడలివి వేరే ఇస్తాను."

మా అత్త కాలంలో కూలి అంటే కొంగులో పోసిన జొన్నలు, ఇంటికి పోయి ధాన్యం గుమ్మిలో కలిసిపోయేవి. పని చేసినందుకు పైసలు ఆమె చేతిలో పడటం అదే మొదలు. బొంతను తడిమినట్టే ఒక్కొక్క నోటునూ అంచు నుంచి తడిమింది.

"ఏవేవి ఇవి?" అని నన్ను అడిగింది.

"ఒకటి ఐదు. రెండు రెండ్రూపాయల నోట్లు."

మడిచి, కొంగున కట్టుకుని, ముడిని రెండుసార్లు బిగించింది.

బస్టాండుకు నడుస్తున్నంతసేపు నా భుజం పట్టుకుని నడిచింది. రేపు రెంజల్ బయలుదేరదామంటుందేమోనని భయపడుతూనే ఉన్నాను. ఇచ్చిన మాట ప్రకారం తీసుకుపోవాల్సిందీ నేనే. బోధన్ బస్సు రావడానికి ముందు అడిగింది:

"నీకెంత ఇచ్చిండ్రు?"

"ఆరు."

బస్సు వచ్చింది. చెయ్యి పట్టి మెట్టు ఎక్కిస్తుంటే ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉంచి ఆగింది. వెనక జనం తోస్తున్నారు.

"వచ్చెసారి నీకు గూడ మూడు సెప్పు" అంది. "నువ్విప్పుడు మునుపటంత తప్పులు కుడతలేవు."

వచ్చేసారి అంది. నేను సరిగ్గానే విన్నానా అని ఆమె మొహంలోకి చూశాను. ఆమె అప్పటికే రెండో కాలు కూడా పైన పెట్టి, సీటు కోసం చేత్తో తడుముకుంటోంది. పక్కన కూర్చోబెట్టి, నేనూ కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆమెకు కనపడదు కదా అని చప్పుడు లేకుండా, హాయిగా ఏడ్చాను.

"ముక్కు తుడుసుకో పిల్లా" అంది మా అత్త. "బస్సుల జనం సూస్తరు."